'నువ్వే మానేశావు' – నిరుద్యోగ భృతి, స్త్రీలు, అప్పీలు

(సికింద్రాబాద్‌లో మహిళా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నిరుద్యోగ భృతి ఇవ్వమన్నప్పుడు అప్పీలు చేసుకోవడం ఎలా అన్న విషయం మీద మాట్లాడమని నన్ను అడిగారు. ఈ అంశం చదివి వినిపించగానే మీలో కొందరు నవ్వడం చూశాను. "మన దేశంలో నిరుద్యోగ భృతి ఎక్కడుంది?" అని వెనక వరుసలో ఒకరన్నారు. న్యాయమైన ప్రశ్నే. నిరుద్యోగం, వృద్ధాప్యం, జబ్బు, అంగవైకల్యం వచ్చినప్పుడు ప్రభుత్వ సహాయం పొందే హక్కు గురించి మన రాజ్యాంగం 41వ అధికరణ చెబుతుంది. అయితే అది ఆదేశిక సూత్రం. ఆర్థిక స్తోమత మేరకు అన్న షరతు కూడా పెట్టారు. దాన్ని పట్టుకుని నేరుగా కోర్టుకి వెళ్ళలేం. సాంఘిక భద్రత కనీస ప్రమాణాల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1952లో చేసిన 102వ ఒడంబడికలో నిరుద్యోగ భృతి ఉంది. ఆ ఒడంబడికను మన దేశం ఆమోదించలేదు.

అయినా ఒక చిన్న హక్కు ఉంది. అది ఇ.ఎస్.ఐ. ద్వారా వస్తుంది. ఇ.ఎస్.ఐ. అంటే మనకి సనత్‌నగర్ ఆసుపత్రి గుర్తొస్తుంది, మందుల కోసం నిలబడే క్యూలు గుర్తొస్తాయి. పని పోయినప్పుడు కూడా అక్కడినుంచి కొంత డబ్బు రావచ్చునని చందా కట్టే స్త్రీలలో చాలామందికి తెలియదు. సంఘాల్లో పనిచేసే మనకీ తెలియదు. నాకు కూడా 2022 దాకా కాగితం మీద తెలుసు తప్ప ఆచరణలో తెలియదు. ఆ సంవత్సరం ఏడుగురు స్త్రీల వెంట తిరిగి నేర్చుకున్నదే ఇవాళ మీతో పంచుకుంటాను. నేను న్యాయవాదిని కాను. సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. కాబట్టి సెక్షన్లతో పాటు ఆ సెక్షన్ల వెనక ఉన్న మనుషుల గురించి కూడా మాట్లాడతాను.

ఏడుగురు స్త్రీలు

వీళ్ళు అడ్డగుట్ట, సీతాఫల్‌మండి బస్తీల వాళ్ళు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాంట్రాక్టరు కింద ఊడ్చే పని, తుడిచే పని చేసేవారు. అందరూ నాలుగైదేళ్ళకి తక్కువ కాకుండా చేసినవాళ్ళే. 2022 ఏప్రిల్ చివర ఆసుపత్రి ఆ కాంట్రాక్టరుని మార్చింది. కొత్త కాంట్రాక్టరు వయసులో ఉన్నవాళ్ళని తీసుకుని వీళ్ళని వద్దన్నాడు. పాత కాంట్రాక్టరు సూపర్‌వైజరు వీళ్ళని పిలిచి, పి.ఎఫ్. డబ్బు త్వరగా వస్తుందని చెప్పి, ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. ఇద్దరు వేలిముద్ర వేశారు.

రెండు నెలల తర్వాత మా బృందంలోని ఒకమ్మాయి వీళ్ళని ఇ.ఎస్.ఐ. బ్రాంచి ఆఫీసుకి తీసుకువెళ్ళింది. కౌంటరు దగ్గర చూసి, "మీరే మానేసినట్టు రాసుందమ్మా. మీకు రాదు" అన్నారు. అంతే. ఒక కాగితం ఇవ్వలేదు, వీళ్ళు అడగనూ లేదు.

వాళ్ళలో పెద్దామె ఆ సాయంత్రం నాతో, "నేనెక్కడ మానేసిన మేడమ్? రేపటి సంది రావద్దన్నరు. ఇంట్ల మా ఆయన కూడ గదే అంటుండు, నువ్వే మానేసినవ్ అని" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆడవాళ్ళ పని పోయినప్పుడు అది 'పోవడం'గా ఎవరూ లెక్కపెట్టరు. మగవాడికి పని పోతే నిరుద్యోగం. ఆడదానికి పోతే ఇంటిపట్టున ఉండటం. యజమానీ, ప్రభుత్వమూ, కుటుంబమూ ముగ్గురూ ఈ విషయంలో ఒకే భాష మాట్లాడతారు.

ఇది మన దగ్గర పుట్టిన ఆలోచన కాదు. బ్రిటన్‌లో 1911లో నిరుద్యోగ బీమా మొదలైనప్పుడు ఇళ్ళ నిర్మాణం, ఓడల నిర్మాణం, ఇంజనీరింగు వంటి మగవాళ్ళ వృత్తులకే పెట్టారు. 1920లో విస్తరించినప్పుడు ఇంటిపని చేసేవాళ్ళని బయట ఉంచారు. 1931లో 'అపసవ్యాలు' సరిదిద్దుతామంటూ చేసిన చట్టంతో, చందా కట్టిన పెళ్ళయిన స్త్రీలకే పెద్ద సంఖ్యలో భృతి తీసేశారు. పెళ్ళయినదానికి మొగుడున్నాడు, ఆమె నిజంగా పని వెతుక్కోవడం లేదు అన్నది వాళ్ళ తర్కం. అప్పటి కార్మిక మంత్రి మార్గరెట్ బాండ్‌ఫీల్డ్, ఆ దేశపు మొట్టమొదటి మహిళా క్యాబినెట్ మంత్రి. కుర్చీలో స్త్రీ కూర్చున్నంత మాత్రాన నియమం స్త్రీల పక్షం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఉన్నదేమిటి?

1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం 46వ సెక్షన్ ఆరు రకాల ప్రయోజనాలు చెప్పింది: జబ్బు, ప్రసూతి, అంగవైకల్యం, ఆధారపడినవారికి పింఛను, వైద్యం, అంత్యక్రియల ఖర్చు. నిరుద్యోగం ఆ జాబితాలో లేదు. తర్వాత పథకాల రూపంలో వచ్చింది. మొదటిది 2005 ఏప్రిల్ 1న వచ్చిన రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. ఫ్యాక్టరీ మూతపడ్డా, రిట్రెంచ్‌మెంట్ చేసినా, పనికి సంబంధం లేని గాయం వల్ల శాశ్వత అంగవైకల్యం వచ్చినా దాని కింద భృతి ఇచ్చేవారు. రెండోది 2018 జూలై 1న మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. దీన్ని రెండేళ్ళ ప్రయోగంగా పెట్టి, తర్వాత పొడిగిస్తూ వచ్చారు. కాబట్టి ఎవరిచేతనైనా దరఖాస్తు పెట్టించే ముందు ఆనాటికి గడువు ఉందో లేదో, రేటు ఎంతో మొదట కనుక్కోండి.

ఈ రెండో పథకం మొదట్లో సగటు రోజు సంపాదనలో 25 శాతం, 90 రోజుల వరకు, జీవితంలో ఒక్కసారి ఇచ్చేది. కరోనా లాక్‌డౌన్ వచ్చాక 2020 మార్చి 24 నుంచి దాన్ని 50 శాతం చేశారు. అంతకుముందు పని పోయిన 90 రోజులకి గాని అడగడానికి లేదు. దాన్ని 30 రోజులకి తగ్గించారు. దరఖాస్తు పాత యజమాని ద్వారా రావాలన్న నియమం తీసేసి నేరుగా బ్రాంచి ఆఫీసులో ఇచ్చుకోవచ్చన్నారు. ఆన్‌లైన్‌లో పెట్టి కాగితాలు జతచేసినవాళ్ళు అఫిడవిట్ ఇవ్వనక్కర్లేదని 2020 నవంబర్‌లో సడలించారు.

ఎంత వస్తుందో లెక్క చూద్దాం. నెలకి 12,000 జీతం అనుకోండి. నాలుగు చందా కాలాలు, అంటే రెండేళ్ళ సంపాదన మొత్తాన్ని 730తో భాగిస్తారు. రోజుకి 394 రూపాయలు వస్తుంది. అందులో సగం 197. తొంభై రోజులకి సుమారు 17,700. మూడు నెలల గది అద్దె, పిల్ల ఫీజు దాంతో గడుస్తాయి. ఇంకో సంగతి గమనించండి. పని చేసిన రోజులతో కాకుండా 730తో భాగిస్తున్నారు. మధ్యలో జీతం లేని సెలవు పెట్టిన స్త్రీకి ఆ లెక్కలోనే కోత పడిపోతుంది.

ఇది దయాదాక్షిణ్యం కాదని అందరికీ చెప్పాలి. 2019 జూలై 1న తగ్గించిన రేట్ల ప్రకారం కార్మికురాలి జీతంలోంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం చందా నిర్ణయించారు. అందులో వీళ్ళ చెమట ఉంది.

నిరాకరణ కౌంటరు దగ్గర మొదలవదు

నేను నేర్చుకున్న ముఖ్యమైన విషయం ఇది. 'రాదు' అన్న మాట కౌంటరు దగ్గర వినిపిస్తుంది గానీ, ఆ నిర్ణయం అంతకుముందే, ఆమెకి తెలియకుండా, రికార్డులో జరిగిపోయి ఉంటుంది.

యాజమాన్యం నెలనెలా ఇ.ఎస్.ఐ. వెబ్‌సైటులో చందా వివరాలు నింపుతుంది. ఎవరైనా ఆ నెలలో ఒక్కరోజు కూడా పని చేయలేదని చూపిస్తే, కారణంగా ఒక అంకె వేయాలి. సెలవు అయితే 1. ఉద్యోగం వదిలిపోతే 2. రిటైరైతే 3. రిట్రెంచ్‌మెంట్ అయితే 10. పని లేకపోతే 11. మన ఏడుగురికీ 2 వేశారు. దానికి తోడు, సంతకాలు పెట్టించుకున్న ఖాళీ కాగితాలు రాజీనామాలయ్యాయి. పథకం నియమం ప్రకారం దుష్ప్రవర్తనకు శిక్షగా ఉద్యోగం పోయినవారికీ, పదవీ విరమణ చేసినవారికీ, స్వచ్ఛందంగా వైదొలగినవారికీ భృతి లేదు. ఒక గుమాస్తా నొక్కిన అంకె ఏడు కుటుంబాల మూడు నెలల తిండి సంగతి తేల్చేసింది.

రెండో అడ్డంకి ఇన్సూరెన్సు నంబరు. ఏడుగురిలో ఒకామెకి రెండు నంబర్లున్నాయి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాత నంబరు అడగకుండా కొత్తది తీస్తారు. అప్పుడు రెండేళ్ళ చందా రెండు ముక్కలై, ఏ ముక్కలోనూ అర్హత పూర్తి కాదు.

మూడోది రోజుల లెక్క. చందా కాలాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. మొదటి నియమం ప్రకారం ముందటి నాలుగు చందా కాలాల్లోనూ 78 రోజుల చొప్పున చందా పడి ఉండాలి. 2020లో దీన్ని సడలించి, పని పోవడానికి సరిగ్గా ముందున్న చందా కాలంలో 78 రోజులు, మిగతా మూడింటిలో ఏదో ఒకదానిలో 78 రోజులు చాలన్నారు.

ఈ నియమం చూడ్డానికి ఆడా మగా తేడా లేనట్టే ఉంటుంది. కానీ ఏడుగురిలో ఒకామె అత్తగారికి ఆ నవంబర్‌లో పక్షవాతం వచ్చింది. ఫిబ్రవరి దాకా ఈమే చూసుకుంది. మొగుడూ మరిదీ పనులు మానలేదు, మానమని ఎవరూ అడగలేదు కూడా. ఆమె ఆరు నెలల లెక్క 61 రోజుల దగ్గర ఆగింది. 17 రోజులు తక్కువ. తనకే జబ్బు చేసి ఉంటే ఇ.ఎస్.ఐ.లో జబ్బు భృతి ఉంది. ఇంకొకరి జబ్బుకి సేవ చేస్తే దానికి లెక్కే లేదు. ఇంటిచాకిరీకి విలువ కట్టాలని మనం ఎన్నో ఏళ్ళుగా మాట్లాడుతున్నాం. ఆ విలువ సున్నా అని ఈ 17 రోజులు అంకెల్లో చూపించాయి.

ప్రసూతి విషయం కూడా ఇలాంటిదే. 26 వారాలంటే 182 రోజులు, దాదాపు ఒక చందా కాలం. పారిశ్రామిక వివాదాల చట్టం, 1947 లో ఏడాదికి 240 రోజుల పని లెక్కించేటప్పుడు ప్రసూతి సెలవుని 12 వారాల వరకు పనిదినాలుగా కలిపేవారు. అలాంటి సూత్రం భృతికి కూడా వర్తించాలని మన అప్పీళ్ళలో, మన వినతిపత్రాల్లో అడగాలి.

మేం ఎక్కిన మెట్లు

నోటిమాట మీద అప్పీలు ఉండదు. అందుకే మొదటి పని రాతపూర్వకంగా క్లెయిమ్ పెట్టి రసీదు తీసుకోవడం. గ్రామాల్లో పనిచేసినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పని అడిగిన 15 రోజుల్లో ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని 7వ సెక్షన్‌లో ఉండేది. తేదీ వేసిన రసీదు లేకపోతే ఆ 15 రోజులు ఎప్పుడు మొదలైనట్టు? అందుకే రసీదు కోసమే కూలీ సంఘాలు ధర్నాలు చేయాల్సి వచ్చింది. పట్నంలోనూ అదే పాఠం.

రెండోది, నిరాకరణకి కారణాలు కాగితం మీద అడగడం. సమాచార హక్కు చట్టం, 2005 లోని 4వ సెక్షన్ ప్రకారం, తన నిర్ణయం ఎవరి మీద ప్రభావం చూపిస్తుందో వాళ్ళకి కారణాలు తెలపడం ప్రభుత్వ సంస్థ బాధ్యత. పది రూపాయల ఫీజుతో దరఖాస్తు ఇచ్చాం. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. చందా చరిత్ర, వేసిన కారణం, తేదీ, అన్నీ అడగండి.

మూడోది, రికార్డుని సరిచేయించడం. దీనికే ఎక్కువ కాలం పట్టింది. ఏడుగురూ కలిసి కాంట్రాక్టరుకి ఒకే ఉత్తరం రాశారు. ఒక నకలు ఆసుపత్రికి పంపారు. 1948 చట్టం 40వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్టరు మనుషుల చందాకి కూడా మొదటి బాధ్యత ప్రధాన యజమానిదే. కాబట్టి 'మాకు సంబంధం లేదు' అనే వీలు ఆసుపత్రికి లేదు. గుర్తింపు కార్డులు, బ్యాంకు పాసుబుక్కులో చివరి జీతం పడిన తేదీ, సూపర్‌వైజరు 'రేపటినుంచి రావద్దు' అని ఫోన్లో పంపిన సందేశం జతచేశాం. ఆ సందేశం ఒక్కరి ఫోన్లోనే మిగిలింది. ఏడుగురికీ ఒకే రోజు, ఒకే ఊపున రాజీనామా చేయాలనిపించిందా అని ఉత్తరంలో అడిగాం. ఆరు వారాల తర్వాత ఆసుపత్రి ఒత్తిడితో కాంట్రాక్టరు కారణం మార్చాడు.

నాలుగోది, ఫిర్యాదు. బ్రాంచి మేనేజరుకి, అక్కడ తేలకపోతే ఆదర్శనగర్ హిల్‌ఫోర్ట్ రోడ్డులోని ప్రాంతీయ కార్యాలయానికి రాయాలి. రెండు నంబర్లున్న ఆమె కేసు ప్రాంతీయ కార్యాలయం దాకా వెళ్ళాకే నంబర్లు కలిశాయి.

అయిదోది ఉద్యోగుల బీమా కోర్టు. ప్రయోజనాల మీద తగాదాలు అక్కడికే వెళ్ళాలి, సివిల్ కోర్టుకి కాదని 1948 చట్టం 75వ సెక్షన్ చెప్పింది. 77వ సెక్షన్ మూడేళ్ళ గడువు ఇచ్చింది. అయితే క్లెయిమ్ మాత్రం అది రావలసిన తేదీ నుంచి 12 నెలల లోపు పెట్టి ఉండాలి. నిరుద్యోగ భృతి ఆరు ప్రయోజనాల్లో ఒకటి కాదు, కేవలం పథకం అని అవతలివాళ్ళు వాదించవచ్చు. అప్పుడు రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేసే దారి ఉంది. 2025 నవంబర్ 21 నుంచి సోషల్ సెక్యూరిటీ కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. బీమా కోర్టు అందులోనూ ఉంది. సెక్షన్ల నంబర్లు మాత్రం మారాయి, పాత కరపత్రాలు చూసి రాసేయకండి.

లాయరు ఖర్చు అని చాలామంది వెనక్కి తగ్గుతారు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. ఆమె స్త్రీ అయితే చాలు. ఈ ఒక్క మాట ప్రతి బస్తీలో చెప్పండి.

గెలిచిందెంత, మిగిలిందెంత

ఏడుగురిలో ఆరుగురికి డబ్బు వచ్చింది. రావడానికి దాదాపు ఎనిమిది నెలలు పట్టింది. అప్పటికి నలుగురు వేరే పనుల్లో చేరిపోయారు, ఒకామె పుస్తెలు కుదువపెట్టింది. భృతి అనేది పని లేని రోజుల్లో అందాలి. ఆలస్యం కూడా ఒక రకం నిరాకరణే.

61 రోజులామెది మేం ఓడిపోయాం. నియమం స్పష్టంగా ఉంది, కింద ఎవరికీ దాన్ని సడలించే అధికారం లేదన్నారు. కోర్టుకి వెళ్దామని నేనన్నాను. "వద్దక్కా. అత్తను చూసుకున్నందుకు కోర్టుకి పోయిందంటరు" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆమెని ఒప్పించలేకపోయిన బాధ ఉంది. కానీ బస్తీలో రేపు బతకాల్సింది ఆమె, నేను కాదు. అప్పీలు చేయాలా వద్దా అన్న నిర్ణయం ఆమెదే కావాలి. మన ఉద్యమానికి ఒక మంచి కేసు కావాలని ఆమెని ముందుకి తోయకూడదు.

ఇక మొత్తానికే బయట ఉన్నవాళ్ళ సంగతి. మారేడ్‌పల్లిలో, తార్నాకలో నాలుగిళ్ళు చేసుకునే పనమ్మాయికి, ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టే ఆమెకి, బీడీలు చుట్టే ఆమెకి నేనింతసేపు చెప్పిన భృతి అందదు. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేసరికి ఇంకొకరిని పెట్టుకున్నారంటే, ఆమె పని పోయినట్టు ఎక్కడా నమోదు కాదు. నమోదే లేనిచోట నిరాకరణ లేదు, అప్పీలూ లేదు. కాబట్టి ఉన్న హక్కుని వాడుకుంటూనే దాని హద్దుల్ని ప్రశ్నించాలి. కుటుంబ సభ్యుల సంరక్షణ కోసం పోయిన రోజుల్ని కలపాలని, ఏడాదేడాది పొడిగించే పథకంగా కాకుండా చట్టంలో హక్కుగా రాయాలని, ఇంటిపని వాళ్ళని లోపలికి తీసుకోవాలని మనం అడగాలి.

చివరగా ఒక పని అప్పగిస్తాను. ఇక్కడున్న ఒక్కొక్కరూ మీ బస్తీలో ఇ.ఎస్.ఐ. కోత పడే పదిమంది స్త్రీలని వెతకండి. వాళ్ళ ఇన్సూరెన్సు నంబరు ఒకటేనా రెండున్నాయా చూడండి. జీతం కాగితాలు, 'రావద్దు' అన్న సందేశాలు దాచిపెట్టించండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దని చెప్పండి. పెట్టక తప్పకపోతే, ఆ రోజే తోటివాళ్ళతో కలిసి జరిగింది రాసి, తేదీ వేసి, స్పీడ్ పోస్టులో యజమానికి పంపించండి. పని ఉన్నప్పుడే ఇవన్నీ చేయాలి. పని పోయాక వెతుక్కుంటే రికార్డులో రెండు అంకె వేసి ఉంటుంది.

అడ్డగుట్ట పెద్దామె ఇప్పుడు ఇంకో ఆసుపత్రిలో చేస్తోంది. చేరిన రోజున కాంట్రాక్టరు కొత్త నంబరు తీస్తానంటే, "నాకు నంబరున్నది, గదే రాయి" అని కార్డు చూపించిందట. ఆ తర్వాత తనతో పాటు చేరిన మిగతా ముగ్గురి కార్డులు కూడా తనే అడిగి చూసిందట.

సెలవు.